పోస్ట్‌గ్రెస్ నాలుగేళ్లు వాడాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, పోస్ట్‌గ్రెస్ అనే ఈ డేటాబేస్‌కి నేనేం ఫ్యాన్‌ని కాదు. ప్రాజెక్ట్ మొదట్లో మా టీమ్ అంతా అప్పుడే కొత్తగా వచ్చిన ఒక డాక్యుమెంట్ డేటాబేస్ (టేబుల్స్ బదులు డాక్యుమెంట్లుగా డేటా దాచేది) మీద పడ్డాం, పేరెందుకులెండి, డెమో మాత్రం అదిరింది, ఆర్నెల్లు తిరిగేసరికి రాత్రి రెండింటికి ఎర్రర్ వస్తే దాన్ని సెర్చ్‌లో కొడితే దొరికిన ఒకే ఒక్క రిజల్ట్ అంతకుముందు వారం మేమే అడిగిన ప్రశ్న. దాని కింద సమాధానం లేదు.

అప్పుడొచ్చాం దీనికి. 1986లో బర్కిలీలో మొదలైన ప్రాజెక్టు, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది, పాతచింతకాయ పచ్చడి అనుకున్నా. తీరా చూస్తే మేం కొత్తదాని వెనక పరిగెత్తిందే స్కీమా (ఏ కాలమ్‌లో ఏముండాలో ముందే రాసుకోవడం) గొడవ లేకుండా జేసన్ (పేరు-విలువ జతలుగా రాసే డేటా) పడేసుకోవచ్చని, అది ఇందులో 2014లో వచ్చిన 9.4 నుంచే జేసన్‌బి పేరుతో ఉంది, త్వరగా వెతకడానికి ఇండెక్స్ కూడా వేసుకోవచ్చు. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

నాకు బాగా నచ్చింది మాత్రం క్యూ, అంటే చెయ్యాల్సిన పనుల్ని వరసలో పెట్టడం. మెయిల్స్ పంపే పనులకి వేరే క్యూ సర్వర్ పెడదామని మావాడొకడు పట్టుబట్టాడు, నేను జాబ్స్ అని ఒక టేబుల్ పెట్టి సెలెక్ట్ చివర 'ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్' తగిలించా, అంతే. ఒక వర్కర్ (ఆ పనులు తీసుకుని చేసే ప్రోగ్రామ్) పట్టుకున్న రో (టేబుల్లో ఒక వరస) దగ్గర ఇంకో వర్కర్ ఆగడు, దాటేసి తర్వాతది తీసుకుంటాడు. వర్కర్ మధ్యలో పోతే రోల్‌బ్యాక్ అయ్యి (చేసిన మార్పు వెనక్కి పోయి) ఆ రో మళ్లీ లైన్లోకొస్తుంది (మెయిల్ వెళ్లాక పోయాడనుకోండి, అదే మెయిల్ రెండోసారి వెళ్తుంది, అది మనమే చూసుకోవాలి). ఆర్డర్ సేవ్ అవ్వడం, జాబ్ పడటం ఒకే ట్రాన్సాక్షన్లో (అయితే రెండూ అవుతాయి, లేదంటే రెండూ అవ్వవు) అయిపోతాయి చూడండి, వేరే క్యూ సర్వర్ పెడితే ఆ సుఖం ఎక్కడిది.

ఇప్పుడు ఏఐ సెర్చ్ కావాలన్నారు, వెక్టర్ డేటాబేస్ (అర్థంలో దగ్గరగా ఉన్నవాటిని వెతికేది) కొందాం అనే మాట రాకముందే, అదే పని పోస్ట్‌గ్రెస్‌లోనే చేసే పీజీవెక్టర్ ఎక్స్‌టెన్షన్ వేసి చూశాం. ట్రయల్ ఫెయిలైతే ఆ ఒక్క కాలమ్ పీకేస్తాం, బ్యాకప్పులూ మానిటరింగూ ఎప్పటివే.

మైనస్‌లు లేవా అంటే ఉన్నాయి. ప్రతి కనెక్షన్‌కీ ఒక ప్రాసెస్ పుడుతుంది, జనం పెరిగితే ముందు పీజీబౌన్సర్ (కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే టూల్) పెట్టక తప్పదు. మేజర్ వెర్షన్ ఏడాదికొకటి వస్తుంది, ఒక్కోదానికి సపోర్ట్ ఐదేళ్లే, అప్‌గ్రేడ్ వాయిదా వేస్తూ పోతే తర్వాత ఏడుస్తాం. ఒకసారి మా కోడ్‌లో ఒక ట్రాన్సాక్షన్ క్లోజ్ చెయ్యకుండా వదిలేశాం, ఆటోవాక్యూమ్ (పనికిరాని పాత రోలని దానంతటదే శుభ్రం చేసేది) చచ్చిన రోలని ఊడ్వలేక టేబుల్ ఉబ్బిపోయి రాత్రంతా జాగారం, తప్పు మాదేలెండి.

ఐదుకి నాలుగున్నర. ఆ అర కోసింది ఆ జాగారానికే.