బొమ్మల పల్లెనా, మగ్గాల పల్లెనా? పిల్లలతో ఒక్కరోజుకు ఏది మేలు

పిల్లలకు పాతకాలపు పల్లె చూపిద్దామంటే మా నల్లగొండలో ఎక్కువగా వినపడే పేర్లు రెండు: హైదరాబాద్‌లోని మాదాపూర్ శిల్పారామం, చేనేతకు పేరుపడ్డ భూదాన్ పోచంపల్లి. మా అమ్మను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని రెండూ తిరిగొచ్చాను. నా మాట పోచంపల్లికే. అయితే అందరికీ అదే నప్పుతుందని చెప్పలేను.

శిల్పారామం 1992లో మొదలైంది. లోపలి పల్లె మ్యూజియంలో మట్టిగోడల గుడిసెలు, వాటి ముందు పనిలో ఉన్నట్టు కూర్చోబెట్టిన నిలువెత్తు మనుషుల బొమ్మలు. చెట్ల నీడ ఉంది, తినడానికి దొరుకుతుంది, పిల్లలు ఎంత ఉరికినా భయం లేదు. ఐదేళ్లలోపు పిల్లలున్నా, ఎక్కువ నడవలేని పెద్దవాళ్లున్నా అక్కడికే పోండి. మా అమ్మ ఒక్కో గుడిసె ముందు ఆగి తన చిన్ననాటి ముచ్చట్లు చెబుతుంటే పిల్లలు చెవులప్పగించి విన్నారు. కుమ్మరి దగ్గరికొచ్చేసరికి చిన్నోడు కూలబడ్డాడు. "నాయినమ్మా, ఈ తాత కుండ ఎప్పుడు చేస్తడు?" "చెయ్యడు నానా, బొమ్మ గదా" అంది అమ్మ. వాడు ఇంకాసేపు చూసిగానీ లేవలేదు.

ఆ ప్రశ్నతోనే తర్వాతి ఆదివారం పోచంపల్లి బయలుదేరాం. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా గంటన్నర పట్టింది. 2016లో జిల్లాలు విడిపోయి యాదాద్రి భువనగిరిలోకి పోయింది గానీ, మాకు ఇప్పటికీ మన ఊరే.

అక్కడ టికెట్టు కొనుక్కుని చూసే పల్లె లేదు. ఉన్నది మనుషులు బతుకుతున్న ఊరు. అడిగితే ఒకావిడ లోపలికి రమ్మంది. ముందు గదిలో గుంట మగ్గం, పక్కన ఆసు పోసే, అంటే రంగు వేయకముందు నూలును వరసగా చుట్టే చట్రం. అర్ధచంద్రంలా వరుసగా పాతిన మేకుల చుట్టూ చేత్తో దారం తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అలా పోయిరావాలి. తల్లి భుజం నొప్పి చూడలేకనే ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశాడని పిల్లలకు చెప్పాను. మా పాప తానూ చెయ్యి తిప్పి చూసింది. యాభై లెక్కపెట్టేలోపే భుజం పట్టుకుంది.

తర్వాత చిటికి కట్టడం చూశాం. నూలును పోగులు పోగులుగా రబ్బరు ముక్కలతో బిగించి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పితే మచ్చలు మచ్చలుగా కనపడే ఆ దారమే మగ్గం మీద పువ్వయి కూర్చుంటుంది. పేక పోగు, అంటే అడ్డంగా నేసే దారం, వెంట్రుకవాసి పక్కకు పోతే ఆవిడ వేలితో సర్దుతోంది. "ఎట్ల తెలుస్తది పెద్దమ్మా?" అంది పాప. "చూస్తుంటే తెలుస్తది బిడ్డా" అంది ఆమె, తలెత్తకుండానే.

ఊళ్లో వినోబా మందిరం తప్పక చూడండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికొస్తే, దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలన్నాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. ఇంత కథను ఏ బొమ్మతో చెప్పగలం? 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా పోచంపల్లిని ఎంచిందంటే నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

కష్టాలూ ఉన్నాయి. ఎండాకాలం మధ్యాహ్నం మగ్గం గదుల్లో ఉక్కపోత, చిన్నపిల్లలు గంటకే విసుగుపడతారు. మేం సద్ది కట్టుకుని పోయాం, మీరూ అట్లే పోండి. తొమ్మిదింటికల్లా ఊళ్లో ఉండండి. గుమ్మం ముందు నిలబడి అడగందే లోపలికి పోవద్దు, ఫొటో తీయొద్దు, పడుగు మీద, అంటే మగ్గానికి నిలువుగా బిగించిన దారాల మీద, పిల్లల చేతులు పడనీయొద్దు. అరగంట వాళ్ల పని ఆపినందుకు కనీసం ఒక తువ్వాలైనా కొనండి.

నాగార్జునసాగర్ సంగతీ కొందరు అడుగుతారు. లాంచీ ప్రయాణం, కొండ మీది ఇక్ష్వాకుల కాలం నాటి శిల్పాలు పెద్ద పిల్లలకు బాగుంటాయి. కానీ పల్లె బతుకు చూడాలనే కోరిక అక్కడ తీరదు. పోచంపల్లి ఇదివరకే చూసినవాళ్లయితే సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాకకు పోండి. నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాలు ఊరది, 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మేం కొన్నది ఎర్ర తువ్వాలొకటి. పోగు ఎక్కడ పక్కకు జరిగిందోనని పాప ఇంకా దాన్ని వెలుతురుకు పట్టి వెతుకుతూనే ఉంది.