విజయనగర్ రీడింగ్ హాల్: ఎఫ్‌ఎమ్‌జీఈ రాసేవాళ్ళకు పనికొస్తుందా?

బెంగళూరు విజయనగర్ మెట్రో స్టేషన్లో దిగి చంద్రా లేఅవుట్ వైపు నడుస్తుంటే సందుకో రీడింగ్ హాల్ బోర్డు కనిపిస్తుంది. వీటిలో ఎక్కువ భాగం కేఏఎస్ (కర్ణాటక రాష్ట్ర సివిల్ సర్వీసు), బ్యాంకు, పోలీసు ఉద్యోగాల పరీక్షల వాళ్ళ కోసం పెట్టినవి. కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, జార్జియా, ఫిలిప్పీన్స్‌లో వైద్యం చదివొచ్చి, ఇక్కడ డాక్టరుగా పని చేయడానికి రాయాల్సిన అర్హత పరీక్ష ఎఫ్‌ఎమ్‌జీఈకి తయారయ్యే మన తెలుగు పిల్లలు కూడా వీటిల్లోనే సీటు వెతుక్కుంటున్నారు. ఈ రివ్యూ అలాంటి ఒక హాల్ గురించి. పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇక్కడున్న మంచీ చెడూ చాలా హాళ్ళలో ఉన్నవే.

ముందు సీటు సంగతి. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నెలకు 2,200 రూపాయలు, డిపాజిట్ వెయ్యి, ఉదయం 6 నుంచి రాత్రి 11 దాకా. గోడ పక్క వరసలో బల్ల మూడడుగుల వెడల్పు ఉంటుంది. మధ్య వరసల్లో రెండున్నరే, ల్యాప్‌టాప్ పెడితే నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టుకోవాల్సిందే. చేరేటప్పుడే గోడ పక్క సీటు రాయించుకోండి. కరెంటు పోతే యూపీఎస్ మీద లైట్లూ వైఫై నడుస్తాయి కానీ ప్లగ్గులు నడవవు, కాబట్టి ల్యాప్‌టాప్ నిండా ఛార్జ్ చేసుకునే రావాలి. రాత్రి 7 దాటాక అందరూ వీడియోలు పెట్టేస్తారు, వైఫై నత్తనడక పడుతుంది. ఆ రోజు వినాల్సిన క్లాసు పొద్దున్నే డౌన్‌లోడ్ చేసుకుంటే గొడవ ఉండదు. నిశ్శబ్దానికి మాత్రం పూర్తి మార్కులు. ఫోను మోగితే ఓనరుగారు తెలుగు, కన్నడ కలిపి ఒకే వాక్యంలో చివాట్లు పెడతారు.

ఇంతవరకూ ఏ పరీక్ష వాళ్ళకైనా ఒకటే. తేడా ఆదివారం గ్రాండ్ టెస్టు (పూర్తి నమూనా పరీక్ష) దగ్గర మొదలవుతుంది. హాల్ ఫీజులోనే టెస్టు కూడా ఉందని బోర్డు మీద పెద్దక్షరాల్లో రాశారు. తీరా చూస్తే అది పీజీ సీట్ల కోసం రాసే నీట్ పీజీ పద్ధతి: 200 ప్రశ్నలు, ఒప్పుకు 4, తప్పుకు ఒక మార్కు కోత. ఎఫ్‌ఎమ్‌జీఈలో 300 బిట్లు. ఉదయం 150, మధ్యాహ్నం 150, ఒక్కో పార్టుకు 150 నిమిషాలు. 150 ఒప్పులొస్తే పాస్, తప్పుకు కోత లేదు. ఒకే పేపరు రెండు పరీక్షల వాళ్ళకూ ఇస్తే ఓనరుకు ఖర్చు కలిసొస్తుంది, కానీ ఎఫ్‌ఎమ్‌జీఈ వాళ్ళ చేతికి తప్పు అలవాటు అంటుకుంటుంది.

ఎలాగో లెక్క వేసి చూడండి. నికరంగా వచ్చిన బిట్లు 100 అనుకుందాం. కోతకు భయపడడం అలవాటైన వాడు మిగతా 200లో చాలావాటిని ఖాళీగా వదిలేసి 100 దగ్గరే ఆగిపోతాడు. అన్నిటికీ ఏదో ఒకటి గుడ్డిగా పెట్టినా నాలుగింట ఒకటి చొప్పున సగటున 50 కలుస్తాయి, అంటే గట్టు మీదికి వస్తాడు. ప్రతి బిట్టులోనూ కచ్చితంగా తప్పని తెలిసిన ఒక్క ఆప్షన్ కొట్టేయగలిగితే ఆ 50 కాస్తా 66 దాకా పోతుంది. అందుకే ఎఫ్‌ఎమ్‌జీఈకి సాధన చేయాల్సింది తప్పు ఆప్షన్ల తీసివేత. ఈ హాల్ టెస్టు నేర్పేది వదిలివేత. పైగా సోమవారం ర్యాంకుల లిస్టు తలుపుకు అంటిస్తారు. అర్హత పరీక్షకు ర్యాంకుతో పనేముంది? 30వ ర్యాంకు చూసి కుంగిపోయేవాడికి పాసయ్యే మార్కులు వచ్చే ఉండొచ్చు.

ఇంకో లోపం, టెస్టు ఓఎంఆర్ కాగితం మీద పెడతారు. అసలు పరీక్ష కంప్యూటర్ మీద. ఎక్స్‌రేలు, చర్మం మీద మచ్చలు, కంటి ఫండస్ (లోపలి వెనక భాగం) బొమ్మలు జిరాక్సులో నల్ల ముద్దలైపోతాయి. సెంట్రల్ రెటీనల్ వీన్ ఆక్లూజన్‌లో (రెటీనా ప్రధాన సిర మూసుకుపోవడం) రెటీనా అంతా చిమ్మినట్టుండే నెత్తురు మరకలు ఈ కాగితం మీద సిరా ఒలికినట్టు కనిపిస్తాయి. ఈ టెస్టు మానేసి, అదే సీట్లో కూర్చుని మీ క్యూబ్యాంక్ (ప్రశ్నల బ్యాంకు) యాప్‌లో 150 బిట్లు ఉదయం, 150 మధ్యాహ్నం టైమర్ పెట్టి రాయడం మేలు. లేవకూడదు, టీకి పోకూడదు, బిట్టుకు నిమిషం దాటకూడదు. మధ్యాహ్నం భోజనం తేలిగ్గా తినండి. కింది సందులో ఉన్న ఆంధ్రా మెస్‌లో ఫుల్ మీల్స్ లాగించి వచ్చినవాళ్ళకు రెండో పార్టులో 90వ బిట్టు దగ్గర కళ్ళు మూతలు పడుతుంటాయి.

ఇక మూల ఉన్న నోట్సుల అల్మారా. పాతవాళ్ళు వదిలేసిన జిరాక్సులు ఉచితం కాబట్టి అందరూ ఎగబడతారు, ఇక్కడే మోసపోయేది. ఫోరెన్సిక్ నోట్సులో ఐపీసీ 304ఎ చుట్టూ ఎర్ర పెన్నుతో రెండు గీతలున్నాయి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఇప్పుడు సెక్షన్ 106. అనుమానాస్పద మరణంపై పోలీసు విచారణ (ఇంక్వెస్ట్) సీఆర్‌పీసీ 174 కాదు, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 194. పీఎస్ఎమ్ (ప్రజారోగ్యం సబ్జెక్టు) నోట్సులో టీబీ కార్యక్రమం ఇంకా ఆర్‌ఎన్‌టీసీపీగానే ఉంది, 2020లోనే దాన్ని ఎన్‌టీఈపీగా మార్చారు. టీకాల పట్టికలో ఫ్రాక్షనల్ ఐపీవీ (పోలియో ఇంజెక్షన్) రెండు డోసులే ఉంది, 9 నెలలకు ఇచ్చే మూడో డోసు లేదు. విదేశాల్లో చదివొచ్చిన వాళ్ళు వెనకబడేదే మన దేశపు కార్యక్రమాల్లో, చట్టాల్లో. ఆ రెండింటినీ పాత కాగితాల్లో చదివితే బట్టీ పట్టిన కష్టం కూడా వృథా. అనాటమీ, బయోకెమిస్ట్రీ జిరాక్సులు నిశ్చింతగా తీసుకోవచ్చు.

సబ్జెక్టుల వాటా గుర్తుంచుకుంటే సీటు గంటలు ఎటు పెట్టాలో తెలుస్తుంది. 300 బిట్లలో మెడిసిన్ 33, సర్జరీ 32, గైనిక్ 30, పీఎస్ఎమ్ 30. ఇది అందరికీ తెలుసు. ఈఎన్‌టీ 15, కన్ను 15 కలిపితే అదీ 30 అని చాలామందికి తట్టదు. సైకియాట్రీ, స్కిన్, అనస్తీషియా, ఆర్థో, రేడియాలజీ, రేడియోథెరపీ ఐదేసి చొప్పున ఇంకో 30. మెడిసిన్ వీడియోలు రెండోసారి చూస్తూ నెల గడిపేసేవాళ్ళు హాల్లో ఎందరో. ఆ నెలలో ఈ చిన్న సబ్జెక్టులన్నీ బిట్లతో సహా ఒక చుట్టు అయిపోతాయి.

ఈ హాల్లో నిజంగా డబ్బుకు తగ్గది బాల్కనీ. మాట్లాడుకోవడానికి అక్కడొక బల్ల వేశారు, ముగ్గురు కూర్చోవచ్చు. రోజూ అరగంట తప్పుల పుస్తకాలు మార్చుకుని చదవడానికి సరిగ్గా సరిపోతుంది. ఆ పుస్తకంలో ప్రశ్నంతా ఎక్కించక్కర్లేదు, ఎడమవైపు విషయం ఒక్క లైను, కుడివైపు ఎందుకు పోయిందో. ఉదాహరణకు ఎడమవైపు: మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కువైతే ముందు పోయేది మోకాలి రిఫ్లెక్స్, ఆ తర్వాత శ్వాస, విరుగుడు కాల్షియం గ్లూకోనేట్. కుడివైపు: తెలుసు, ప్రశ్నలో 'మొదట' అన్న మాట చూడలేదు. రెండు వారాలు రాస్తే పోయిన మార్కుల్లో తెలియనివెన్ని, తారుమారైనవెన్ని, తొందరలో పోయినవెన్ని అన్నది తేలుతుంది. మూడో రకం ఎక్కువుంటే ఇంకో కోచింగ్‌కు డబ్బు కట్టొద్దు.

మొత్తమ్మీద సీటుకు, బాల్కనీకి ఐదుకు నాలుగు ఇస్తాను, టెస్టుకు ఒకటి. అల్మారా ఉచితమే కనుక మార్కులు వేయను. డిపాజిట్ తిరిగి రావాలంటే లాకరు తాళం, మొదటి నెల రసీదు రెండూ అడుగుతారు. రసీదు థర్మల్ కాగితం, నాలుగు నెలల్లో అక్షరాలు చెరిగిపోతాయి, చేరిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి.