పర్లాకిమిడిలో ఫిజిక్స్ ట్యూషన్, 5కి మూడున్నర స్టార్లు (ఆ టెస్ట్ గోల లేకపోతే నాలుగున్నర ఇద్దును)

సెంటర్ పేరు రాయను, మా తమ్ముడింకా అక్కడికే వెళ్తున్నాడు. ప్లస్ టూ సైన్స్ వాడిది. పది దాకా ఒడియా మీడియం, ఇప్పుడు పుస్తకాలన్నీ ఇంగ్లీషు, ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఇంక చూస్కోండి, మొదటి యూనిట్ టెస్ట్ కే గుంటడు చతికిలబడ్డాడు. నెలకి 900 అంటే సరే అని చేర్పించాను.

మొదటిరోజు పాఠం లేదు ఏం లేదు, 300 కట్టించుకుని ఒక ప్రశ్నల పేపర్ ఇచ్చారు. కొత్త ఫోన్ కొంటే బుక్ చదువుతావా, ఎవరినైనా అడుగుతావా, నొక్కి చూస్తావా, ఇలాంటివే అన్నీ. మావోడు ఎవరినైనా అడుగుతాను అని పెట్టాడు (అడగక ఏం చేస్తాడు, ఆ బుక్ తెలుగులో ఉంటదా ఏటి). దాంతో వీడు "వినేవాడు" అని తేల్చేశారు. చూసేవాళ్లు, వినేవాళ్లు, చదివి రాసేవాళ్లు, చేతులతో చేసేవాళ్లు అని నాలుగు బ్యాచ్ లు. ఇది వీళ్లు కనిపెట్టిందేం కాదు, న్యూజిలాండ్ లో నీల్ ఫ్లెమింగ్ అనే ఆయన 1992లో బయటపెట్టిన వార్క్ అనే పద్ధతి, చాలా చోట్ల వాడతారు.

వినే బ్యాచ్ కి వాట్సాప్ లో ఆడియోలు. రెండు నెలలు మేడ మీద పడుకుని చెవుల్లో ఇయర్ ఫోన్స్ పెట్టుకుని వెక్టర్లు (ఎంత అనేదే కాదు, ఏ దిక్కు అనేది కూడా చెప్పాల్సిన రాశులు) విన్నాడండీ, వెక్టర్లు! బాణం గీయకుండా వెక్టర్ ఏటి అసలు? ఒకరోజు వాలు బల్ల మీద పెట్టె లెక్క అడిగితే ఎంజీ సైన్ తీటా, ఎంజీ కాస్ తీటా అని పద్యంలా అప్పజెప్పాడు, కాగితం మీద గీయరా అంటే మాత్రం బరువు బాణాన్ని నేలవైపు నిటారుగా కాకుండా బల్లకి లంబంగా గీశాడు. నా కళ్లు తిరిగాయి.

వెళ్లి అడిగాను. సార్ కోప్పడలేదు, "ఆ టెస్ట్ మేనేజ్మెంట్ వాళ్ల ముచ్చటమ్మా, మీరు ఆదివారం క్లాసుకి పంపండి" అన్నారు. ఆదివారం నాలుగు బ్యాచ్ లూ కలిపి కూర్చోబెడతారు. అసలు సరుకు అక్కడుంది, నేనూ ఒకసారి వెనక బెంచీలో కూర్చున్నాను.

బంతి పైకి విసిరారు. పైన ఆగిన క్షణంలో త్వరణం (అంటే సెకనుకి వేగం ఎంత మారుతోంది) ఎంత, చేతులెత్తండి అన్నారు. సగం మంది సున్నా. వెంటనే జవాబు చెప్పకుండా పక్కవాడితో వాదించుకోండి అని వదిలేశారు, గది సంతలా అయిపోయింది, తెలుగు ఒడియా కలిపి అరుచుకున్నారు, మళ్లీ చేతులెత్తమంటే చాలామంది 9.8 కి వచ్చేశారు. సున్నా అయ్యేది వేగం మాత్రమే అని ఒక పిల్లే లేచి చెప్పింది. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990ల నుంచి ఇలాగే చెప్తున్నారట. ఇంకో ముచ్చట, ఘర్షణ, త్వరణం రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే, వెలాసిటీ మాత్రం మనకి వేగం, వాళ్లకి పరిబేగ, సార్ మూడు పేర్లూ పక్కపక్కనే బోర్డు మీద రాస్తారు. మావోడికి ఏ స్టైలూ కాదు, కావాల్సింది ఇదే.

తర్వాత రాగి గొట్టంలో అయస్కాంతం వదిలారు. మామూలు ఇనప ముక్క మీటరు పొడవుని అర సెకన్లో దాటేస్తే ఇది జారుకుంటూ జారుకుంటూ తీరిగ్గా వచ్చింది. గొట్టాన్ని అందరి చేతికీ ఇచ్చారు, అయస్కాంతం లోపలుండగా గొట్టం బరువెక్కినట్టు తెలుస్తుంది. అప్పుడు బొమ్మ, అప్పుడు లెంజ్ నియమం (అయస్కాంతం కదలడం వల్ల గొట్టంలో పుట్టిన కరెంటు ఆ కదలికకే అడ్డుపడుతుందని). రెజొనెన్స్ (ఒకదాని మోతకి ఇంకోటి జత కలిసి గట్టిగా మోగడం) అయితే 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, గొట్టంలో గాలి స్తంభం దగ్గర దగ్గర 17 సెంటీమీటర్లు రాగానే ఒక్కసారిగా మోగింది, అది చెవితో వినాల్సిందే, "చూసేవాడు" అయినా సరే. వాలు బల్ల గీయాల్సిందే, "వినేవాడు" అయినా సరే. ఎలా నేర్పాలో పాఠాన్ని బట్టి ఉంటది గానీ పిల్లాడి మీద ముద్ర వేస్తే ఏం లాభం? 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు ఉన్న పరిశోధనలన్నీ వెతికి, స్టైల్ కి తగ్గట్టు చెప్తే బాగా వస్తుందనడానికి సరైన రుజువు దాదాపు లేదని రాశారు. ఒకడికి బొమ్మలంటే ఇష్టం ఉండొచ్చు, ఇష్టం వేరు, బుర్రకెక్కడం వేరు.

మైనస్ లు: గది ఇరుకు, రెండు ఫ్యాన్లు, ఒకటే తిరుగుతుంది. సాయంత్రం బ్యాచ్ ఎనిమిదింటికి వదులుతారు, కాశీనగర్ నుంచి వచ్చే పిల్లలకి కష్టం. ఆదివారం క్లాసు రెండు వారాలకోసారే, అదే నా అసలు కంప్లైంట్, వారం వారం పెడితే నెలకి ఇంకో వంద ఇచ్చేద్దును.

చేర్పించేవాళ్లు సార్ గారి బ్యాచ్ అనే అడగండి. టెస్ట్ వద్దంటే ఆ 300 తగ్గిస్తారేమో కూడా అడిగి చూడండి, నాకైతే తగ్గించలేదు.