నాబ్ చదవడానికి 16 బిట్లు దండగ: ఎంసీపీ3008 చిప్ సమీక్ష

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద 40 పిన్నులున్నాయి గానీ, పొటెన్షియోమీటర్‌ని (నాబ్ తిప్పితే విలువ మారే రెసిస్టర్, పొట్టిగా పాట్) నేరుగా చదవగలిగే పిన్ను వాటిలో ఒక్కటీ లేదు. ఆ పిన్నులకు తెలిసిందల్లా ఉందా, లేదా అంతే. మధ్యలో వోల్టేజీ ఎంతుందో చెప్పాలంటే ఏడీసీ చిప్, అంటే వోల్టేజీని అంకెగా మార్చే చిప్ పెట్టుకోక తప్పదు. ఈ పనికి ఎక్కువగా వాడేవి రెండు: మైక్రోచిప్ వాళ్ళ ఎంసీపీ3008, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ ఏడీఎస్1115 బిగించిన చిన్న మాడ్యూల్. మొదటిది వోల్టేజీని 10 బిట్లతో, అంటే 1024 మెట్లలో కొలుస్తుంది, రెండోది 16 బిట్లతో. అంకె పెద్దది కదా అని రెండోదాని వైపే చెయ్యి పోతుంది. కానీ పాట్ తిప్పి విలువ చదవడమే పనైతే మొదటిదే తీసుకోండి. దాని బలం బిట్లలో లేదు, రిఫరెన్స్‌లో, అంటే దేనితో పోల్చి కొలుస్తుందో ఆ వోల్టేజీలో ఉంది.

ఎంసీపీ3008కి 15వ కాలు వీరెఫ్, ఆ రిఫరెన్స్ ఇచ్చే చోటు. అంటే కొలబద్ద పొడవు ఎంతో మనమే చెబుతాం. దాన్నీ, పాట్ బయటి కాళ్ళలో ఒకదాన్నీ (దీన్నే పై కాలు అందాం) ఒకే 3.3 వోల్టుల లైనుకి కలిపేస్తే, సప్లై 3.3 నుంచి 3.2కి జారినా గొడవ లేదు. పాట్ మధ్య కాలి మీద వోల్టేజీ ఎంత తగ్గుతుందో, కొలబద్ద కూడా అదే నిష్పత్తిలో కుదించుకుపోతుంది. నాబ్ సగంలో ఉంటే రీడింగ్ 512 దగ్గరే నిలుస్తుంది. ఏడీఎస్1115లో కొలబద్ద చిప్ లోపలే బిగించి ఉంటుంది. సప్లై 3 శాతం కదిలితే రీడింగూ 3 శాతం కదులుతుంది, నాబ్‌ని ఎవరూ ముట్టుకోకపోయినా. బ్యాటరీ వోల్టేజీ కొలిచేవాళ్ళకి కావాల్సింది అదే. నాబ్‌కి మాత్రం అది తలనొప్పి.

ఇక మెట్ల సంగతి. మామూలు పాట్ తిరిగేది 300 డిగ్రీలు, లేదా అంతకంటే తక్కువ. 1024 మెట్లుగా పంచితే ఒక్కోటి 0.3 డిగ్రీ లోపే. వేళ్ళతో అంతకంటే సన్నగా తిప్పి ఆపడం ఎవరి తరమూ కాదు.

ఎంసీపీ3008కి మార్కులు పోయేది వైరింగ్ దగ్గర. ఏడీఎస్ మాడ్యూల్‌కి బోర్డు నుంచి నాలుగు వైర్లు చాలు. దీనికి ఎనిమిది కాళ్ళు కలపాలి. చిప్‌ని బ్రెడ్‌బోర్డు నడి గాడికి అటో వరస, ఇటో వరస వచ్చేలా గుచ్చి, నొక్కు ఉన్న కొస పైకి పెట్టండి. ఎడమ వరస పైనుంచి కిందికి 1 నుంచి 8, అన్నీ ఛానెళ్ళే. కుడి వరస పైనుంచి 16, 15 అలా 9 దాకా. 16, 15 రెండూ రాస్ప్‌బెర్రీ పై బోర్డు 1వ పిన్ను దగ్గరున్న 3.3 వోల్టులకి. 14, 9 రెండూ గ్రౌండుకి, అంటే 6వ పిన్నుకి. 13 క్లాక్, అది బోర్డు 23వ పిన్నుకి. 12 డేటా ఔట్, 21కి. 11 డేటా ఇన్, 19కి. 10 చిప్ సెలెక్ట్, 24కి. పాట్ బయటి కాళ్ళలో ఒకటి 3.3 వోల్టులకి, ఒకటి గ్రౌండుకి, మధ్య కాలు చిప్ 1వ కాలికి. అది ఛానెల్ 0. కాళ్ళ లెక్క ఒకటితో, ఛానెళ్ళ లెక్క సున్నాతో మొదలవడం ఈ చిప్‌లో పాత తిరకాసు. కోడ్‌లో ఛానెల్ 1 అని రాసి, వైరు 1వ కాలికి పెట్టి, రీడింగ్ రాలేదని చిప్‌ని తిట్టుకోవద్దు.

చిప్ 5.5 వోల్టుల దాకా నడుస్తుందన్న మాట చూసి 5 వోల్టులు ఇవ్వకండి. అప్పుడు డేటా ఔట్ కాలు 5 వోల్టులు తోస్తుంది. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3కి మించి తట్టుకోలేవు. పాట్ మధ్య కాలిని సప్లైకి కలపడం ఇంకో ప్రమాదం. నాబ్‌ని గ్రౌండు కొసదాకా తిప్పగానే 3.3 వోల్టుల లైను నేరుగా గ్రౌండుకి షార్ట్ అవుతుంది.

పాట్ 10 కిలో ఓమ్‌లది, 'బి' గుర్తున్నది తీసుకోండి. సాధారణంగా 'బి' అంటే సమంగా పెరిగేది, 'ఏ' అంటే ఆడియో వాల్యూమ్ కోసం చేసినది. 'ఏ' రకంలో సగం తిప్పినా రీడింగ్ సగానికి రాదు. 100 కిలో ఓమ్‌ల పాట్ ఉంటే వాడొచ్చా అంటే, చిన్న మెలిక ఉంది. నాబ్ నడిమిలో ఉన్నప్పుడు చిప్‌కి కనిపించే నిరోధం పాట్ విలువలో నాలుగో వంతు, అంటే 25 కిలో ఓమ్‌లు. చిప్ లోపల 20 పికోఫారడ్ల కెపాసిటర్ ఒకటి ప్రతి రీడింగ్‌కీ నిండాలి, దానికి దొరికే సమయం ఒకటిన్నర క్లాకు. 1 మెగాహెర్ట్జ్ వేగంలో అది 1.5 మైక్రోసెకన్లే. 25 కిలో ఓమ్‌ల గుండా అంతలో పూర్తిగా నిండదు. పక్క ఛానెల్‌ని అప్పుడే చదివి ఉంటే, ఆ వోల్టేజీ వాసన ఈ రీడింగ్‌కి అంటుకుంటుంది. మధ్య కాలికీ గ్రౌండుకీ మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెడితే ఆ గొడవ పోతుంది. 10 కిలో ఓమ్‌ల పాట్‌కి ఈ బాధే లేదు.

సాఫ్ట్‌వేర్ తేలికే. రాస్పీ కాన్ఫిగ్‌లో ఇంటర్‌ఫేస్ ఆప్షన్స్‌కి వెళ్ళి ఎస్పీఐ (బోర్డు ఈ చిప్‌తో మాట్లాడే పద్ధతి) ఆన్ చేయండి. పైథాన్‌లో జీపీఐఓ జీరో లైబ్రరీకి ఈ చిప్ ముందే తెలుసు, ఛానెల్ చెబితే 0 నుంచి 1 మధ్య దశాంశం ఇస్తుంది. స్పైడెవ్ అనే ఎస్పీఐ లైబ్రరీతో నేరుగా అడిగేవాళ్ళు 1, 128, 0 అని మూడు బైట్లు పంపి, తిరిగొచ్చిన రెండో బైటులో చివరి రెండు బిట్లని 256తో గుణించి మూడో బైటు కలపాలి. వేగం మాత్రం మీరే రాయండి, 1 మెగాహెర్ట్జ్ సరిపోతుంది. 2.7 వోల్టుల దగ్గర చిప్ హామీ 1.35 దాకానే.

రీడింగ్ తేడాగా వస్తే అంకే దారి చూపిస్తుంది. ఎంత తిప్పినా 1023 అంటే, ముందు పాట్ గ్రౌండు కాలు చూడండి. ఎప్పుడూ 0 అయితే పాట్ పై కాలు ఊడిందేమో, ఎస్పీఐ ఆన్ కాలేదేమో, డేటా ఔట్ వైరు వదులైందేమో వరసగా చూడండి. అంకె ఇష్టమొచ్చినట్టు తేలుతుంటే మధ్య కాలు ఆనడం లేదు. కొన్ని పొడుగు బ్రెడ్‌బోర్డుల్లో ఎర్ర గీత నడిమిలో తెగి ఉంటుంది, సగం సర్క్యూట్‌కి కరెంటు అందదు. ఇది చాలామందికి చివరిదాకా తట్టదు. అన్నీ సరిగా ఉన్నా చివరి అంకె ఒకటీ రెండూ ఊగుతుంది. పాత విలువకీ కొత్త విలువకీ తేడా 4 దాటితేనే నాబ్ కదిలినట్టు లెక్క వేయండి.

ఏడీఎస్1115 ఇప్పటికే చేతిలో ఉంటే పారేయక్కర్లేదు. రేంజ్ చూసుకోండి చాలు. చిప్ సొంత సెట్టింగ్ 2.048 వోల్టులు, అలాగే వదిలేస్తే నాబ్ 62 శాతం తిరిగేసరికి రీడింగ్ 32767 దగ్గర ఆగిపోతుంది. 4.096కి మార్చండి, అప్పుడు పై కొస 26400 దగ్గర ఉంటుంది. మాడ్యూల్‌కి 5 వోల్టులు ఇవ్వొద్దు. దాని పుల్ అప్ రెసిస్టర్లు డేటా లైన్లని 5 వోల్టుల వైపు లాగుతాయి.

రాస్ప్‌బెర్రీ పై లాంటి మరో చిన్న బోర్డు బీగుల్‌బోన్ బ్లాక్ వాడేవాళ్ళకి ఈ చిప్ అక్కర్లేదు. బోర్డులోనే 12 బిట్ల అనలాగ్ ఇన్‌పుట్లు ఏడున్నాయి. కాకపోతే వాటి హద్దు 1.8 వోల్టులే. పాట్ పై కాలిని పీ9 వరసలో 32వ పిన్నుకి కలపాలి, 3.3 వోల్టులకి కాదు.