దొమ్మతో చచ్చిన గొర్రె: పూడ్చాలా, కాల్చాలా?

కనిగిరి, ఉదయగిరి మెట్టల్లో నిన్నటిదాకా బాగా మేసిన గొర్రె ఉన్నట్టుండి చచ్చి, ముక్కునుంచో మలద్వారంనుంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే దొమ్మ, అంటే ఆంత్రాక్స్ అనుకోవాలి. కోయొద్దు, తోలు తియ్యొద్దు. గాలి తగిలితే క్రిమి సిద్ధబీజాలుగా, అంటే గట్టి పెంకుతో నిద్రపోయే రూపంలోకి మారుతుంది. అవి నేలలో పదుల ఏళ్లు బతుకుతాయి. పశువైద్యుడు చెవి నరంనుంచి చుక్క నెత్తురు తీసి స్లైడు మీద చూస్తాడు.

పూడ్చడం చౌక. బావికీ వాగుకీ దూరంగా 6 అడుగుల గొయ్యి, పైన కుక్కలు తవ్వకుండా ముళ్లకంప. కానీ బీజాలు చావవు, దాగుంటాయంతే. ఎవరైనా తవ్వినా, వరద కోసినా పైకొస్తాయి. సున్నం పొయ్యడం మనవాళ్లకు అలవాటు. అందులోని కాల్షియం బీజాలకే మేలు చేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటుంది.

కాల్చడమే మేలు, పూర్తిగా బూడిదైతేనే. గాలి ఆడేలా కింద కాలవ తీసి, కట్టెల పైన కళేబరం పెట్టాలి. కట్టెలు కళేబరం మీదే పేరిస్తే పైన మాడి, కింద పచ్చిగా మిగులుతుంది. నెత్తురు కారిన మట్టినీ గీకి మంటలో వెయ్యాలి. సర్కారు తుమ్మ ఉన్నచోట కట్టెకు కరువేముంది! వానల్లో తడికట్టెతో సగం కాల్చేకంటే లోతుగా పూడ్చడమే నయం.

జబ్బు మనిషికీ అంటుతుంది కాబట్టి, ఎలా చేసినా చేతితొడుగులు, బూట్లు తప్పవు. తర్వాత మీ ఒంటి మీద నొప్పిలేని, నల్లచెక్కు కట్టిన పుండు లేస్తే ఆస్పత్రిలో గొర్రె సంగతి ముందే చెప్పాలి.