గుంటూరులో దొరికే ప్లాస్టిక్ పుర్రె: దవడ లోపలి వైపు చూసి కొనండి

బీడీఎస్ (పళ్ల డాక్టరు చదువు) మొదటి సంవత్సరం పిల్లలు కొనుక్కునే పూర్తి సైజు ప్లాస్టిక్ పుర్రె ఇది. పైకప్పు ఊడుతుంది, కింది దవడ స్ప్రింగుల మీద ఆడుతుంది. పెట్టె మీద కంపెనీ పేరుండదు. గుంటూరు కొత్తపేటలో సర్జికల్ సామాను కొట్లలో అడిగితే తెచ్చి ఇస్తారు. బయటికి నికార్సయిన సరుకే: సూచర్లు (ఎముకల అతుకులు), చెంప ఎముక, కంటి గూడు శుభ్రంగా వచ్చాయి.

డబ్బులిచ్చే ముందు ఒక చీపురుపుల్ల అడగండి. పుర్రె అడుగున ఫొరామెన్ ఓవేల్ అనే కోలగా ఉండే రంధ్రంలో గుచ్చితే పుల్ల లోపలికి తేలాలి. దానికి వెనగ్గా, కాస్త బయటి వైపున్న ఫొరామెన్ స్పైనోజమ్ అనే చిన్న రంధ్రంలోనూ అంతే. మొదటిది మాండిబ్యులర్ నర్వ్ (కింది దవడ నరం) దారి, రెండోది మిడిల్ మెనింజియల్ ఆర్టరీది (మెదడు పొరలకి వెళ్లే ధమని). ఈ మోడల్లో ఓవేల్ తెరుచుకునే ఉంది, స్పైనోజమ్ మాత్రం ఉత్త గుంట. స్పాటర్లకి (చూసి పేరు చెప్పే పరీక్షకి) సరిపోతుందేమో, దారి మాత్రం బుర్రకెక్కదు.

అసలు లోపం కింది దవడలో. మెంటల్ ఫొరామెన్ (దవడ బయటి వైపు నరం వచ్చే రంధ్రం) ప్రీమోలార్ల (కోరపన్ను వెనకున్న రెండు పళ్ల) వేళ్ల కింద, ఉండాల్సిన చోటే ఉంది. రామస్‌ను (దవడ వెనక నిలువుగా లేచే భాగాన్ని) లోపలి వైపుకి తిప్పి చూడండి: కింది పళ్ల నరం దవడలోకి దిగే మాండిబ్యులర్ ఫొరామెన్ ముందు చిన్న నాలుకలా లేచి ఉండాల్సిన లింగ్యులా లేదు, నున్నగా ఉంది. కింది పళ్లకి మత్తిచ్చేటప్పుడు వెతుక్కునేది ఆ చోటునే కదా! సిరంజి అవతలి వైపు ప్రీమోలార్ల మీదుగా రావాలి, కింది పళ్ల నమిలే తలానికి 6 నుంచి 10 మి.మీ. పైన దిగాలి, 20–25 మి.మీ. లోతులో ఎముక తగలాలి. ముందే తగిలితే సూది మరీ ముందుకు పడినట్టు. ఎంతకీ తగలకపోతే వెనక పరోటిడ్ గ్రంథిలోకి (చెవి ముందున్న లాలాజల గ్రంథి) పోతున్నట్టు. అక్కడ మందు వదిలితే ఫేషియల్ నర్వ్ (ముఖ కండరాల నరం) మొద్దుబారి, ఆ వైపు కన్ను కొన్ని గంటలు మూతపడదు. పుర్రె మీద కండ ఉండదు గనక లోతు తెలీదు, కోణం, ఎత్తు మాత్రం చేతికి అలవాటవుతాయి. లింగ్యులా లేకపోతే అదీ గురి లేని సాధనే.

పళ్ల సంగతి చెప్పక్కర్లేదు. 36కి (కింద ఎడమ మొదటి దవడ పన్ను) బయట మూడు, లోపల రెండు కస్ప్‌లు (పన్ను మీది మొనలు) ఉండాలి, ఇందులో మొత్తం నాలుగే. 16 (పైన కుడి మొదటి దవడ పన్ను) మీద ఏటవాలుగా ఉండే గట్టు, ఆబ్లిక్ రిడ్జ్, ఆనవాలే లేదు. పళ్ల ఆకారం నేర్చుకోడానికి వ్యాక్స్ కార్వింగే (మైనంతో పళ్లు చెక్కడమే) దిక్కు. పీకిన పళ్లు తెచ్చుకుంటే ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపడం) చేసినవే వాడండి. అమాల్గమ్ (పాదరసం కలిసిన వెండి రంగు ఫిల్లింగు) నింపినవి మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, పాదరసం ఆవిరి వస్తుంది.

స్ప్రింగుల వల్ల దవడ తలుపు బందులా తెరుచుకుంటుంది. నిజానికి కాండైల్ (దవడ కీలు తల) మొదట తిరిగి, తర్వాత ఎమినెన్స్ (కీలు గుంట ముందున్న ఎముక ఉబ్బు) మీదుగా ముందుకి జారుతుంది. స్ప్రింగులు విప్పి చేత్తో జరిపి చూసుకోండి. కొక్కేలు సన్నవి, విరిగితే ఆర్థో లిగేచర్ వైరుతో (పళ్ల క్లిప్పులు కట్టే సన్న తీగ) కట్టుకోవచ్చు.