తెలుగు చదివేవాళ్లకు ఏది మేలు: కిండిలా, ట్యాబా, పెద్ద ఈ-ఇంక్ పలకా?

ఈ మధ్య నన్ను కలిసినవాళ్లలో సగం మంది అడిగేది ఇదే. నెల్లూరు ట్రంకు రోడ్డులో టీ తాగుతున్నా, ఒంగోలులో ఎవరి పెళ్లికో పోయి పంక్తిలో కూర్చున్నా, నా సంచిలో ఈ-ఇంక్ పలక (కాగితంలాంటి స్క్రీన్‌తో పుస్తకాలు చదువుకునే పరికరం, అమెజాన్ వాళ్ల కిండిల్ కూడా అట్లాంటిదే) కనబడితే చాలు, "అన్నా, నేనూ ఒకటి తీసుకుందామనుకుంటున్నా, కిండిల్ కొనమంటావా, ట్యాబ్ సరిపోద్దా?" అంటారు. చిన్నప్పుడు నాకు చదువు చెప్పిన మాస్టారైతే ఏకంగా ఫోన్ చేసి, "అబ్బయ్యా, మా అమ్మాయి అమెరికా నుంచి వస్తా ఏం తెమ్మంటావని అడుగుతోంది, ఏది చెప్పమంటావు?" అన్నారు. అందరికీ విడివిడిగా చెప్పేదాని బదులు ఒకేచోట రాస్తున్నా.

నేను ఎవరికైనా ముందు వేసే ప్రశ్న ఒకటే. మీరు చదివేది ఏంది? ఇంగ్లీషా, తెలుగా? తెలుగైతే అది అక్షరాలు టైపు చేసిన పుస్తకమా, లేక పాత పుస్తకాన్ని పేజీ పేజీ స్కాన్ తీసిన పీడీఎఫా? దీనికి జవాబు చెప్పకుండా బ్యాటరీ ఎన్నాళ్లు వస్తది, నీళ్లలో పడితే ఏమవుద్ది, ఎన్ని జీబీలు అని బేరీజు వేసుకుంటే లాభం లేదు. ఆ వివరాలు ఏ దుకాణంవాడైనా చెప్తాడు. మన చేతిలో ఉన్న ఫైలుకు ఏ స్క్రీన్ సరిపోతుందో మాత్రం మనమే చూసుకోవాలి.

అసలు ఫోన్ ఉండగా ఇంకొకటి ఎందుకనేవాళ్లకు ఒక్క మాట. మన జిల్లాల ఎండ తెలిసిందే కదా. పినాకిని రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే కావలి దాటేసరికి ఎండ నేరుగా ఒళ్లో పడుతుంది, ఫోన్‌లో మన మొహం తప్ప ఏమీ కనపడదు. ఈ-ఇంక్ స్క్రీన్ మీద ఎండ పడితే అక్షరం ఇంకా నల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అది కాగితంలాగే పైన పడిన వెలుతురుతోనే కనపడేది. లోపల నలుపు, తెలుపు రేణువులు కరెంటు తగిలినప్పుడు పైకీ కిందికీ జరిగి పేజీ తయారవుతుంది, తర్వాత కరెంటు లేకపోయినా ఆ పేజీ అట్లాగే నిలబడి ఉంటుంది. అందుకే ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. చదివే మధ్యలో వాట్సాప్ మోగదు, ఎవరి స్టేటస్సూ కనపడదు. నాకైతే ఈ ఒక్క సుఖానికే ఎంత డబ్బు పెట్టినా తప్పు లేదనిపిస్తుంది.

ఇంక కిండిల్. ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాళ్లకు దీన్ని మించింది లేదని మొహమాటం లేకుండా చెప్తా. 200 గ్రాముల చిల్లర బరువు, ఒంటిచేత్తో పట్టుకుని పడుకుని చదవొచ్చు. తెలియని మాట మీద వేలు పెడితే అర్థం వస్తుంది, స్కూలు తెలుగు మీడియంలో చదివిన నాలాంటివాళ్లకు అది ఎంత ధైర్యమో చెప్పలేను. నిఘంటువు కోసం లేచి వెళ్లే పని లేకపోయేసరికి, నేను సగంలో వదిలేసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు మళ్లీ పట్టుకున్నా, పూర్తి చేశా.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. 2016 డిసెంబరులో అమెజాన్ వాళ్లు కిండిల్‌లోకి మన దేశ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాషను ఎందుకు పక్కన పెట్టారని నాకు ఇప్పటికీ బాధే. కానీ తప్పంతా అటువైపే ఉందని అనలేను. మన ప్రచురణకర్తలు ఏళ్ల తరబడి పుస్తకాలను అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కంపోజ్ చేయించారు. అవి యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు. అచ్చుకైతే అద్భుతంగా వస్తాయి, అదే ఫైలును ఈ-బుక్ చేయబోతే అక్షరాల స్థానంలో ఇంగ్లీషు గుర్తులు కలగాపులగంగా వస్తాయి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ మార్చాక ఎవరో ఒకరు కూర్చుని పేజీ పేజీ దిద్దాలి. అంత ఖర్చు పెట్టే ఓపిక చిన్న ప్రచురణ సంస్థలకు ఎక్కడిది?

అందువల్ల మనకు మిగిలింది స్కాన్లు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. శతకాలు, వ్యాకరణాలు, యాత్రా చరిత్రలు, మన జిల్లా శాసనాల సంపుటాలు, అచ్చు ఆగిపోయి యాభై ఏళ్లయిన నవలలు. తెలుగు పాఠకుడికి ఇది పెన్నిధి. కానీ ఆ పుస్తకాలన్నీ బొమ్మలు, అక్షరాలు కాదు. అక్షరం సైజు పెంచే మీట నొక్కినా ఉపయోగం ఉండదు, పేజీ ఎంతుందో అంతే.

లెక్క చూడండి. మన మామూలు డెమ్మీ పుస్తకం పేజీ సుమారు అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు. 6 అంగుళాల స్క్రీన్ అంటే అది మూల నుంచి మూలకు కొలిచింది, వెడల్పు మూడున్నర పైచిలుకు, పొడవు అయిదుకు కాస్త తక్కువ. పేజీ మొత్తం అందులో పట్టాలంటే సగానికి కొంచెం పైన మాత్రమే మిగులుతుంది. ఇంగ్లీషు అక్షరాలైతే అంత చిన్నవైనా కళ్లు చికిలించి లాగించొచ్చు. తెలుగు అట్లా కాదు. పైన గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు. నేనొక పాత పురాణం స్కాన్‌ను చిన్న స్క్రీన్‌లో తెరిచి చూస్తే 'థ' పొట్టలోని చుక్క పూర్తిగా మాయమైంది. 'కథ' ఎక్కడ వచ్చినా 'కధ'గానే కనపడుతోంది. 'ష'కీ 'ప'కీ తేడా తెలియడం లేదు, రావత్తు ఉందో లేదో ఊహించుకుని చదవాల్సి వస్తోంది. వచనంలో అయితే సందర్భం చూసి సర్దుకోవచ్చు. పద్యంలో ఒక్క అక్షరం తేడా వస్తే గణం పోతుంది, యతి పోతుంది, అర్థం ఎటో పోతుంది.

పలకను అడ్డంగా తిప్పి సగం సగం పేజీ చదవడం ఒక ఉపాయం. చుట్టూ ఉన్న తెల్ల అంచులు కత్తిరించుకుంటే ఇంకొంచెం మేలు. కొన్నాళ్లు ఓపిగ్గా చేయొచ్చు. రాత్రి పడుకోబోయే ముందు ప్రశాంతంగా చదువుకుందామనుకునే మనిషికి ఇదంతా చాకిరీనే. 7 అంగుళాల కిండిల్ పేపర్‌వైట్ వచ్చాక కొంత ఊరట గానీ స్కాన్ పుస్తకానికి అదీ చాలదు.

ట్యాబ్ సంగతికొస్తే, 10, 11 అంగుళాలది తీసుకుంటే పేజీ నిండుగా కనపడుతుంది. రెండు వేళ్లతో సాగదీస్తే క్షణంలో పెద్దదవుతుంది. పాత పిల్లల పత్రికల్లో రంగుల బొమ్మలు చూడాలంటే ఇదే సరైనది, ఈ-ఇంక్‌లో రంగు వచ్చినా వెలిసిపోయినట్టే ఉంటుంది. డీఎస్సీకో గ్రూప్స్‌కో చదివే పిల్లలకు నేను నిస్సంకోచంగా ట్యాబే చెప్తా. వాళ్లకు వీడియో పాఠాలు కావాలి, నోట్సు పీడీఎఫ్‌లు కావాలి, ముందుకూ వెనక్కీ గబగబా తిరగెయ్యాలి. ఈ-ఇంక్ ఆ వేగాన్ని అందుకోలేదు. కానీ మూడు వందల పేజీల నవలను ట్యాబ్‌లో చదవమంటే నా వల్ల కాదు. అర కిలో బరువు, గంటకల్లా మణికట్టు లాగుతుంది. వెలుతురు నేరుగా కళ్లలోకి కొడుతుంది. పైగా అది ఫోన్‌కు అన్న, అన్ని మెసేజీలూ అక్కడికీ వస్తాయి.

మరి నేను వాడేది? 10.3 అంగుళాల ఆండ్రాయిడ్ ఈ-ఇంక్ పలక, బూక్స్ అనే కంపెనీ రకం. దాని స్క్రీన్ ఆరు అంగుళాల పైన వెడల్పు, ఎనిమిదింపావు పొడవు. అంటే డెమ్మీ పేజీ దాదాపు అచ్చులో ఉన్న సైజులోనే వచ్చి కూర్చుంటుంది. నా మొగ్గు ఇటువైపు ఉండడానికి కారణం ఇదొక్కటే, తక్కినవన్నీ దీని తర్వాతే. నలభై, యాభై ఏళ్ల కిందటి పుస్తకం పాలిపోయిన సిరాతో స్కాన్ అయి ఉంటుందా, నలుపు పెంచే మీట జరిపితే అక్షరాలు లేచి వస్తాయి. ఆ 'థ'లో చుక్క మళ్లీ కనపడుతుంది. పేజీ మూలలో ఏదో ఊరి గ్రంథాలయం ముద్ర, ఎవరో పెన్సిల్‌తో గీసిన గీత, ఒక్కోచోట స్కాన్ చేసిన మనిషి బొటనవేలు కూడా కనపడుతుంది. ఆండ్రాయిడ్ కాబట్టి కోరీడర్ లాంటి ఉచిత యాప్ వేసుకుని అంచులు దానంతట అదే కత్తిరించుకునేట్టు పెట్టుకోవచ్చు, తెలుగు కథల యాప్‌లు ఏవైనా ఎక్కించుకోవచ్చు, అందులోనే కిండిల్ యాప్ కూడా వేసుకోవచ్చు.

దీనికి ఇబ్బందులు లేవని కాదు. పేజీ తిప్పాక పాత పేజీ నీడ సన్నగా మిగిలిపోతుంది, అప్పుడప్పుడూ స్క్రీన్ మొత్తం నల్లగా మెరిసి శుభ్రం చేసుకుంటుంది. కొత్తవాళ్లకు అది చిరాకే. సెట్టింగులు కొండంత ఉంటాయి, మొదటి వారం వాటితోనే సరిపోతుంది. బ్యాటరీ కిండిల్ అంత రాదు. ధర కిండిల్‌కు రెండింతలు పైనే, అదే అసలు దెబ్బ. ఇంకోటి, ఈ స్క్రీన్ వెనక పలచటి గాజు ఉంటుంది. పగిలితే నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లు ఎవరూ ముట్టుకోరు, మార్చాల్సిన స్క్రీన్ దొరకదు. ఇంత డబ్బు పెట్టేముందు ఇది ఆలోచించుకోవాలి.

కోబో, పాకెట్‌బుక్ గురించి కూడా అడుగుతుంటారు. అవీ ఈ-ఇంక్ పలకలే, మంచివే, ఈపబ్ (అక్షరం సైజు మార్చుకోగలిగే ఈ-బుక్ ఫైలు) నేరుగా తెరుస్తాయి, కానీ మనకు ఇక్కడ సులువుగా దొరకవు, చిన్న స్క్రీన్లకు కిండిల్‌కున్న ఇబ్బందే వీటికీ ఉంది. ఫోన్ అంటారా, బ్యాంకులో టోకెన్ తీసుకుని కూర్చున్నప్పుడు ఒక కథ చదువుకోవడానికి పనికొస్తుంది.

ఇప్పటిదాకా స్కాన్ల గురించే చెప్పా. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగు పుస్తకం దొరికితే మాత్రం నా మాట మారుతుంది. తెలుగు వికీసోర్స్‌లో ఎందరో కూర్చుని ఒక్కో పేజీ టైపు చేసి, సరిచూసి పెట్టిన పాత పుస్తకాలున్నాయి, వాటిని ఈపబ్‌గా దింపుకోవచ్చు. కిండిల్‌కు పంపే సదుపాయం కూడా 2022 నుంచి ఈపబ్‌ను తీసుకుంటోంది. అట్లాంటి పుస్తకం మా అమ్మకు ఒకటి పెట్టిచ్చా. శుక్లాల ఆపరేషన్ తర్వాత అచ్చు పుస్తకం చదవడం మానేసింది, అక్షరాలు అల్లుకుపోతున్నాయంటుంది. సైజు పెంచి పేజీకి పది వరుసలే ఉండేట్టు పెట్టి చేతికిస్తే, వసారాలో కూర్చుని, "ఇదైతే కనపడతా ఉందిరా" అని ఆపకుండా చదివింది. తర్వాత పేజీ తిప్పడం కూడా తనే నేర్చుకుంది, ఎక్కడ వేలు పెట్టాలో అడగలేదు. కళ్లు మసకబారిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే చిన్న కిండిల్ చాలు, ఒక్క షరతు, అందులో పెట్టే పుస్తకం స్కాన్ కాకూడదు.

తెలుగు ఈపబ్ పెట్టేటప్పుడు ఒక పరీక్ష చేయండి. పుస్తకమంతా ఎక్కించకుండా ముందు నాలుగు మాటలతో చిన్న ఫైలు చేసి పంపండి: స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి. ఒత్తులు ఎక్కడివక్కడ కూర్చుంటే సరే. పక్కకు విడిపోయినా, పొల్లుతో కనపడినా ఫాంట్ మార్చాలి. కిండిల్‌లో ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ అందులో వేసి చూడండి. వరుసల మధ్య ఖాళీ ఎక్కువ పెట్టుకోండి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద వాలుతాయి.

కొన్న పుస్తకం మనదేనా అనేది కూడా కొందరు అడుగుతారు. కిండిల్‌లో కొన్నది చదువుకునే అనుమతి మాత్రమే. 2025 ఫిబ్రవరి నుంచి కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దింపుకుని కేబుల్‌తో ఎక్కించుకునే దారి కూడా మూసేశారు. నాకది నచ్చలేదు. స్కాన్ పీడీఎఫ్‌కు ఆ బాధ లేదు, ఒక్కసారి దింపుకుంటే మన దగ్గరే ఉంటుంది.

ఇన్ని చెప్పినా, ఏ పలకలోనూ దొరకనివి మనకు దగ్గర్లోనే ఉన్నాయి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది, గాంధీగారి చేతికర్ర అక్కడే ఉంది. ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ మా ప్రకాశం వాళ్లకు అది ఎప్పటికీ మా గ్రంథాలయమే. స్కాన్లలో పేజీలు ఎగిరిపోయి ఉంటాయి, కొన్ని మడతపడి సగమే కనపడతాయి. పాత పత్రికలైతే చాలావరకు స్కానే కాలేదు. ఇంట్లో పలక మీద చదువుకుంటూ పోయి, తప్పిపోయిన పేజీలు ఒక కాగితం మీద రాసుకుని, వీలు చూసుకుని అక్కడికి పోవడం నాకు అలవాటు.

కొనబోయేవాళ్లు ముందు ఒక పని చేయండి, రూపాయి ఖర్చు లేదు. పాత పేపరు ఒకటి తీసుకుని 9 సెంటీమీటర్ల వెడల్పు, 12 పొడవుతో ఒక ముక్క, 16 వెడల్పు, 21 పొడవుతో ఇంకో ముక్క కత్తిరించండి. మొదటిది 6 అంగుళాల స్క్రీన్, రెండోది 10.3 అంగుళాలది. మీరు ఎక్కువగా చదివే పుస్తకం తెరిచి దాని మీద రెండూ పెట్టి చూడండి. మాస్టారికి కూడా ఫోన్‌లో ఇదే చేయించా. ఆయన చదివేదంతా పాత ప్రబంధాలూ వ్యాఖ్యానాలూ, అందుకని పెద్దదే తెమ్మని వాళ్లమ్మాయికి చెప్పారు. గట్టి అట్ట కూడా దాంతోపాటే తెమ్మనండి అన్నా, కందుకూరు బస్సులో సంచి మీద ఎవరు కూర్చుంటారో తెలియదు.